తవుడు కలిపిన మట్టి

మా ఆఫీసులో నా పని గోడలు చూడ్డం.
జెన్నె ఊరంతా మట్టి గోడలే.
ఊరంతా దేశం సొత్తు,
దేశం దాటి లోకమంతటి సొత్తు అని
ఊరి మొగదల ఫలకం మీద చెక్కి ఉంటుంది.
ఆ ఫలకం మాత్రం రాయి.

బుధవారం పొద్దున్నే
హవోయే తెనెపో ఇంటికి నోటీసు పట్టుకెళ్లాను.
వీధివైపు గోడకి, నేల నుంచి చూరు దాకా
కాల్చిన ఎర్ర పలకలు అతికించింది.
కొలతలు తీసుకున్నాను, ఫొటో తీసుకున్నాను.
ముప్పై రోజుల గడువు.

ఆమె పెరట్లో చేపలు పొగబెడుతోంది.
తలెత్తకుండానే అంది:
"చదువు. నాకు అక్షరం రాదు, నీకు సిగ్గు రాదు.
ఇద్దరం కలిస్తే సరిపోతుంది."

చదివాను.
"వారసత్వ సంపద ప్రామాణికతకు భంగం కలిగించుట..."
దాన్ని మా ఇంటి మాటలోకి మార్చబోతే
నోటికి ఇలా వచ్చింది:
నీ ఇల్లు నీది కాదు.

ఆమె ఒక చేపని తిరగేసింది. ఇంకోదాన్ని తిరగేసింది.

"ఏటా వానకి ముందు ఆ గోడ మెత్తాలంటే
బానీ ఏటి అడుగు నుంచి ఎన్ని గంపలు తేవాలో
నీ కాగితంలో ఉందా?
తవుడంతా పశువుల వాళ్లు మిల్లు దగ్గరే ఎత్తుకుపోతున్నారు.
మేస్త్రీకి కూలి, అతని మంత్రానికి వేరే కూలి,
మధ్యాహ్నం అన్నంలో చేపముక్క పెద్దది పడాలి.
ఆయన ఉన్నప్పుడు పడవుండేది.
పడవలో మట్టి దానంతటదే వచ్చినట్టు వచ్చేది.
ఈ పలకలు పదేళ్లు ఆగుతాయట.
నాకు పదేళ్లు చాలు."

తర్వాత, గొంతు తగ్గించి,
"ఫొటోల వాళ్లు వస్తారు కదా,
పలకలు పడకుండా పక్కకి జరిగి తీసుకుంటారు.
నేనూ పడకుండానే."

ఏం చెప్పను?
మా అమ్మ స్నానాల గదికి లోపల నేనే పలకలు వేయించాను.
నిబంధన వీధిలోంచే చూస్తుంది,
గుమ్మం దాటదు.

అప్పుడొచ్చాడు బామోయె.
వాళ్ల ఇంటికి తరతరాల మేస్త్రీ కుటుంబం వాడు.
పిలవకపోయినా వచ్చాడు, నోటీసు సంగతి ఊరికి నాకంటే ముందు తెలుసు.
గోడ దగ్గర నిలబడి
కుండలు కొనేవాడిలా
వేలి ముడితో ఒక్కో పలకా తట్టాడు.
టక్. టక్. టక్.
నాలుగోది డొప్పగా మోగింది.

తాపీ మొనతో దాన్ని లేపాడు.
వెనక గోడ లేదు.
ఉడికీ ఉడకని అంబలి ఉంది,
అందులో చెదల దారి.
లోపలికి దిగిన నీళ్లు బయటికి రాలేక
మూడు వానాకాలాలుగా అక్కడే నానుతున్నాయి.

"మట్టి ఊపిరి తీస్తుంది, హవోయే.
నువ్వు దాని ముక్కు మూశావు," అన్నాడు బామోయె.

ఆమె లేచి వచ్చింది.
తడి మట్టిలోకి రెండు వేళ్లు గుచ్చింది, వాసన చూసింది.
కోపంగా తిరిగింది, అతని వైపు కాదు,
నా వైపు.
"ఈ మాట నోటీసులో ఎందుకు రాయలేదు?"

కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను.
నిజంగానే లేదు.

ఆ వారమే ఆమె వాకిట్లో గుంట తవ్వారు.
మట్టి, నీళ్లు, తవుడు.
తవుడు డబ్బులు ఎవరిచ్చారని పై ఆఫీసరు అడిగాడు,
ఊళ్లో చాలామందికి తెలుసన్నాను.
ఇరవై రోజులు మురగబెట్టాం.
వీధంతా ముక్కు మూసుకుంది.
గడువుకి రెండ్రోజుల ముందు
ప్యాంటు మోకాళ్లకి మడిచి నేనూ దిగాను.
పిల్లలు నవ్వారు: కాగితాలాయన తొక్కడం రాదు, జారుతున్నాడు.
జారాను కూడా.
బామోయె గొణిగే మంత్రం చెవిలో పడకుండా
మర్యాదగా మొహం తిప్పుకున్నాను.

"తీసుకున్న చర్య" అన్న గడిలో
ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను.
అక్కడ నా బొటనవేలి ముద్ర ఒకటి పడి ఉంది,
ఎండి, అంచులు విచ్చుకుని.

ఊడదీసిన పలకల్ని ఆమె పారెయ్యలేదు.
చేపల పొయ్యి చుట్టూ పేర్చుకుంది.
పొయ్యిల గురించి నిబంధనల్లో ఏముందో
నేను వెతకలేదు.